కువైట్‌లో వాటా ఎవరిది

శుక్రవారం మధ్యాహ్నం కువైట్ సిటీలోని మాలియా వైపు వెళ్తే ఎటు చూసినా తెలుగే వినిపిస్తుంది. రాయచోటి యాస, రాజోలు యాస పక్కపక్కనే నిలబడి మాట్లాడుకుంటాయి. కొత్తగా పరిచయమైన ఇద్దరు ముందు ఊరి పేరు అడుగుతారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న "ఏ వీసా?" అని. జవాబు ఒక అంకె. 18 అంటే షూన్ వీసా, కంపెనీలోనో దుకాణంలోనో పని. 20 అంటే ఖాదిమ్ వీసా, ఇంటి పని లేదా ఇంటి డ్రైవరు. కువైట్ నివాస చట్టంలోని ఈ ఆర్టికల్ నంబరు అకామాను, అంటే నివాస అనుమతి కాగితాన్ని, అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ కార్మిక చట్టం వర్తిస్తుంది, పని మారొచ్చా, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవచ్చా అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

మనవాళ్లలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కువైటీలకూ ఇలాంటి అంకెలే ఉన్నాయి. అక్కడి పౌరసత్వ చట్టం 1959 నాటిది. 1920కి ముందు నుంచీ ఆ నేల మీద స్థిరపడినవాళ్లు, వారి సంతానం మొదటి ఆర్టికల్ కింద మూల పౌరులు. దేశానికి విశేష సేవ చేసినందుకు పౌరసత్వం పొందినవాళ్లు ఐదో ఆర్టికల్ వాళ్లు. కువైటీని పెళ్లాడి పౌరురాలైన విదేశీ మహిళ ఎనిమిదో ఆర్టికల్ మనిషి. ఒక కువైటీ గురించి ఇంకో కువైటీ గుసగుసగా ఆరా తీసేది కూడా ఇదే: ఏ ఆర్టికల్?

ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. చమురు డబ్బంతా నేరుగా ప్రభుత్వం చేతికొస్తుంది. అది ప్రభుత్వం చేతి మీదుగానే జనానికి చేరుతుంది. కాబట్టి పంచుకునేవాళ్ల జాబితాలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న దాని చుట్టూనే కువైట్ రాజకీయం, సమాజం, ఆర్థికం తిరుగుతాయి. రాజు మీద కోపాలూ, పార్లమెంటు గొడవలూ, వలస కార్మికుడి బాధలూ వేరువేరు కథల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే.

నీళ్లు లేని రేవు

వైశాల్యం 17,818 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కూడా చిన్నది. గల్ఫ్ సముద్రానికి వాయవ్య మూలన, ఉత్తరాన ఇరాక్, దక్షిణాన సౌదీ అరేబియా మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. సగటు వర్షపాతం 110 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఆసియాలో నమ్మకంగా నమోదైన ఉష్ణోగ్రతల్లో అంతకు మించినది లేదని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది.

ఇన్ని లేమిల మధ్య ఆ చోటికి ఉన్న ఒకే ఒక్క వరం కువైట్ అఖాతం. ఓడలు నిలవడానికి అంత అనువైన చోటు ఆ తీరంలో దగ్గర్లో మరొకటి లేదు. 18వ శతాబ్దంలో అరేబియా లోపలి నుంచి కరువుకు తాళలేక వచ్చిన బనీ ఉతూబ్ కుటుంబాలు ఇక్కడే దిగాయి. 'కూత్' అంటే కోట. చిన్న కోట కాబట్టి 'కువైత్' అయింది. సముద్రంలో మునిగి ముత్యాలు తీయడం, పడవల మీద సరుకు నడపడం తప్ప బతుకుతెరువు లేదు. పడవలకు కలప మన మలబారు తీరం నుంచి వెళ్లేది. తాగే నీళ్లు కూడా పడవల మీదే రావాలి. ఉత్తరాన షట్ట్ అల్ అరబ్ నది దాకా వెళ్లి, తొట్లు నింపుకుని వస్తే, రేవులో దించి తోలుతిత్తుల్లో గాడిదల మీద వీధివీధికీ తిప్పి అమ్మేవాళ్లు. సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే ప్లాంటు 1953లో వచ్చాకే ఆ అవస్థ తీరింది. ఇవాళ తాగే నీటిలో దాదాపు అంతా అలా వచ్చేదే. పర్యాటకులు ఫొటోలు దిగే కువైట్ టవర్స్ కూడా నిజానికి నీళ్ల ట్యాంకులే. గోళాకారపు ఆ కట్టడాలు 1979లో ప్రారంభమయ్యాయి.

ఆ పేదరికపు రోజుల్లోనే పాలకుడికీ వర్తకులకూ ఒక ఒప్పందం కుదిరింది. రాసుకున్నది కాదు, అలవాటుగా నడిచింది. పాలకులైన సబా కుటుంబం పాలన, పంచాయితీలు, ఎడారి తెగలతో వ్యవహారం చూసుకుంటుంది. దానికయ్యే ఖర్చు సుంకాల రూపంలో వర్తకులు పెట్టుకుంటారు. డబ్బు వర్తకుడిది కాబట్టి పాలకుడు అతని మాట వినక తప్పదు. 1910 ప్రాంతంలో షేక్ ముబారక్ పన్నులు పెంచి, యుద్ధాలకు మనుషుల్ని పంపమన్నప్పుడు ముత్యాల వర్తకుల్లో పెద్దవాళ్లు కొందరు తమ పడవలు, మునకగాళ్లతో సహా బహ్రెయిన్‌కు వెళ్లిపోయారు. 1899లో బ్రిటిష్‌వాళ్లతో రక్షణ ఒప్పందం చేసుకున్న గట్టి పాలకుడు ముబారక్. అంతటివాడూ దిగొచ్చి వాళ్లను బతిమాలి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. కువైట్ పాలకులకు మిగతా గల్ఫ్ రాజులకు లేని వినయం ఉందని అంటుంటారు. అది స్వభావం కంటే లెక్కల వల్ల వచ్చిన వినయం.

1938

ఆ లెక్కలు తలకిందులైన ఏడాది 1938. ఫిబ్రవరిలో బుర్గాన్ అనే చోట చమురు పడింది. అప్పటికే జపాన్ పెంపకపు ముత్యాలు మార్కెట్‌ను ముంచేసి వర్తకుల నడుం విరిచాయి. అదే ఏడాది వేసవిలో వర్తకులు 14 మందితో ఒక శాసనమండలిని ఎన్నుకున్నారు. ఖజానా లెక్కలు తమ చేతికి రావాలన్నారు. చమురు కంపెనీ ఇచ్చే సొమ్ము కూడా అందులోనే జమ కావాలన్నారు. ఆరు నెలలు తిరక్కుండానే, డిసెంబరులో, పాలకుడు ఆ మండలిని రద్దు చేశాడు. ఇక వర్తకుల సుంకాలతో పని లేదు. భూమి లోపలి నుంచి వచ్చేది నేరుగా పాలకుడి ఇంటికే వస్తుంది.

యుద్ధం వల్ల ఆలస్యమై 1946లో మొదటి చమురు ఓడ బయల్దేరింది. 1950లో గద్దెనెక్కిన షేక్ అబ్దుల్లా అల్ సాలిం ఆ 1938 మండలికి అధ్యక్షత వహించినవాడే. కువైట్ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే మనిషి ఈయన. వర్తకుల దగ్గర అధికారం తీసుకున్నందుకు బదులుగా డబ్బు ఇవ్వాలని ఆయనకు తెలుసు. పాత ఊళ్లోని స్థలాలను ప్రభుత్వం చేత ఎక్కువ ధరకు కొనిపించాడు. అలా చమురు సొమ్ము కుటుంబాల చేతుల్లోకి వెళ్లింది. ఆయన కాలంలోనే బడులు, ఆసుపత్రులు ఉచితంగా వచ్చాయి. 1953లో లండన్‌లో పెట్టుబడుల బోర్డు పెట్టారు. దేశాలు తమ మిగులును దాచుకునే నిధుల్లో ప్రపంచంలోనే మొదటిది అదే. 1976లో దానికి భావితరాల నిధి తోడైంది. ఏటా ఆదాయంలో పదో వంతు అందులో వేయాలని చట్టం చేశారు. 1990లో ఇరాక్ దాడితో దేశమే చేజారినప్పుడు ప్రవాసంలో ఉన్న ప్రభుత్వాన్ని నడిపింది, విముక్తి తర్వాత ఊరిని తిరిగి లేపింది ఈ దాచిన సొమ్మే.

1961 జూన్ 19న స్వాతంత్ర్యం వచ్చింది. వారం తిరక్కముందే ఇరాక్ పాలకుడు ఖాసిం కువైట్ తనదేనన్నాడు. బ్రిటిష్ సైన్యం దిగాల్సి వచ్చింది. మనం ఒక దేశం, మనకో ప్రజ ఉంది అని లోకానికి చూపించాల్సిన తొందర అప్పుడు పట్టుకుంది. 1962 నవంబరు 11న రాజ్యాంగం, 1963 జనవరిలో ఎన్నికలు ఆ తొందరలోంచే వచ్చాయి.

ఇక్కడో చిన్న సంగతి. కువైట్‌లో 1961 దాకా చెల్లిన డబ్బు మన రూపాయే. చివరి రెండేళ్లు రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా అచ్చువేసిన రూపాయి వాడారు. దీనారు వచ్చినప్పుడు మారకం రేటు దీనారుకు 13 రూపాయల పైచిల్లర. ఇవాళ అదే దీనారు 270 రూపాయలు దాటింది. కడప, కోనసీమల్లో ఎన్నో ఇళ్ల పునాదులు ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉన్నాయి.

పార్లమెంటు దేని కోసం పోట్లాడింది

కువైట్ పార్లమెంటైన మజ్లిస్‌లో 2024 దాకా ఎన్నికైన సభ్యులు 50 మంది ఉండేవాళ్లు. ఎన్నిక కాని మంత్రులు కూడా సభలో ఓటు వేసేవాళ్లు. ప్రధాని రాజకుటుంబం వాడే. పార్టీలకు చట్టబద్ధత లేదు. ఇంతవరకు వింటే ఉత్తుత్తి సభ అనిపిస్తుంది. కానీ ఏ మంత్రినైనా నిలబెట్టి నిలదీసే హక్కు సభ్యులకు ఉండేది. 'ఇస్తిజ్వాబ్' అంటారు. దానికి భయపడి మంత్రులు రాజీనామా చేసేవాళ్లు, మంత్రివర్గాలు పడిపోయేవి. 2006 జనవరిలో జబ్బుతో ఉన్న అమీర్ (దేశ పాలకుడు) షేక్ సాద్ పాలించే స్థితిలో లేడని ఓటు వేసి ఆయన్ని తప్పించింది కూడా ఈ సభే. గల్ఫ్ రాజ్యాల్లో మరెక్కడా ఇలాంటిది జరగలేదు.

ఈ రాజకీయానికి అసలు అడ్డా దివానియా. ఇంటి ముందుభాగంలో విడిగా ఒక హాలు. గోడల వెంట వరసగా మెత్తని ఆసనాలు, సాయంత్రం ప్రార్థన తర్వాత ఒక్కొక్కరే రావడం, వచ్చినవాడు కూర్చున్నవాళ్లందరికీ చెయ్యి కలపడం, చిన్న గ్లాసుల్లో చాయ్, చెవులు లేని కప్పుల్లో యాలకుల కాఫీ. ధరలు, పెళ్లి సంబంధాలు, మంత్రి అవినీతి అన్నీ అక్కడే నలుగుతాయి. ఓటు అడిగేవాడు ఒక్క రాత్రిలో ఐదారు దివానియాలు తిరగాల్సి వచ్చేది. సభను 1986లో మూసేసినప్పుడు, 1989 చివర్లో ప్రతిపక్షం సోమవారం దివానియాల పేరుతో జనాన్ని కూడగట్టి ఉద్యమం నడిపింది. పార్టీ ఆఫీసులు లేని దేశంలో ఇంటి వసారాయే ఆ పని చేసింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం దాడి చేసింది. పాలకుడు సౌదీకి వెళ్లిపోయాడు. ఆ అక్టోబరులో జెద్దాలో కువైటీ పెద్దలంతా సమావేశమై సబా కుటుంబం వెనకే నిలుస్తామన్నారు. బదులుగా పార్లమెంటు తిరిగి తెస్తామని కుటుంబం మాటిచ్చింది. విముక్తి తర్వాత 1992లో ఎన్నికలు జరిగాయి. 2005లో మహిళలకు ఓటు వచ్చింది. 2009లో నలుగురు మహిళలు గెలిచారు.

అయితే ఈ సభ ఎక్కువ కాలం దేని మీద పోట్లాడిందో చూస్తే కొంచెం నిరాశ కలుగుతుంది. జీతాలు పెంచాలి, పౌరుల బ్యాంకు అప్పులు మాఫీ చేయాలి, రాయితీలు ముట్టుకోవద్దు. పన్ను కట్టని పౌరుడు ప్రభుత్వం ఎలా ఖర్చు పెట్టిందని కాదు, నాకు ఎంత ఇచ్చిందని అడుగుతాడు. అది సభ్యుల తప్పని అనలేం. మంత్రి పదవి సభ్యుల్లో ఏ కొద్దిమందికో తప్ప దక్కేది కాదు, మంత్రివర్గాన్ని ఏర్పరిచే అధికారం సభకు లేదు. అడ్డుకోవడం, అడగడం అనే రెండు పనులే మిగిలాయి. ఆ రెండూ బాగా చేశాడు. ప్రభుత్వం అప్పు చేయడానికి అనుమతించే అప్పుల చట్టం 2017లో గడువు తీరితే, కొత్తదాన్ని ఏళ్ల తరబడి కదలనివ్వలేదు. 2020 డిసెంబరు నుంచి 2024 ఏప్రిల్ లోపల నాలుగుసార్లు ఎన్నికలు జరిగాయి. చివరికి 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించకుండా పక్కన పెడుతున్నట్టు ప్రకటించారు. 1976లో, 1986లో కూడా ఇలాగే జరిగింది. అప్పటి మొదటి విరామం నాలుగున్నరేళ్లు, రెండోది ఆరేళ్లకు పైగా సాగింది.

జాబితా లోపల, జాబితా బయట

జనాభా 48 లక్షల పైమాట. అందులో పౌరులు సుమారు 15 లక్షలు. ఉద్యోగం చేసే కువైటీల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ప్రభుత్వ జీతగాళ్లే. పెళ్లికి సాయం, ఇంటికి స్థలం, రుణం, చదువు, వైద్యం అన్నీ పౌరసత్వంతో వస్తాయి. అందుకే పౌరసత్వం అక్కడ ఒక గుర్తింపు మాత్రమే కాదు, ఆస్తి. ఆస్తి అన్నాక తగాదాలు ఉంటాయి. ఊరి ప్రాకారం లోపల పుట్టిన పాత 'హదర్' కుటుంబాలకు, తర్వాత పౌరులుగా చేర్చుకున్న ఎడారి తెగల 'బదూ' వాళ్లకు మధ్య ఒక ఎడం ఉంది. సున్నీలు ఎక్కువ, షియాలు దాదాపు మూడో వంతు అన్నది బయటివాళ్లు గమనించే తేడా. కువైట్ ఎన్నికల్లో మొదటి తేడాయే ఎక్కువ నడిపిస్తుంది.

జాబితాలో పేరు ఎక్కనివాళ్లు బిదూన్లు. 'బిదూన్' అంటే 'లేకుండా' అని అర్థం, అంటే పౌరసత్వం లేకుండా. లక్ష మంది దాకా ఉంటారు. తాతలు ఎడారిలో తిరుగుతూ 1960లలో పేరు నమోదు చేసుకోకపోవడం చాలామంది విషయంలో అసలు కారణం. ఆ తాత చదువురాక వెళ్లలేదనో, దూరమనో మానేశాడు. మనవడికి ఇవాళ జనన ధ్రువపత్రం తెచ్చుకోవడం కూడా కష్టమే.

2024 నుంచి జాబితా లోపల ఉన్నవాళ్లకూ భయం పట్టుకుంది. తప్పుడు పత్రాలు, రెండు దేశాల పౌరసత్వం లాంటి కారణాలతో పదుల వేల సంఖ్యలో పౌరసత్వాలు రద్దయ్యాయి. వాళ్లలో ఎక్కువమంది ఎనిమిదో ఆర్టికల్ మహిళలు, అంటే పెళ్లి ద్వారా కువైటీలైనవాళ్లు. ఇరవై ముప్పై ఏళ్లు అక్కడే కాపురం చేసి, పుట్టింటి దేశపు పౌరసత్వం వదులుకుని, ఇప్పుడు ఏ దేశమూ లేకుండా మిగిలిన ఆడవాళ్లు ఉన్నారు. దొంగ పత్రాలను ఏరడం ప్రభుత్వం పనే. కానీ దశాబ్దాల కిందట ప్రభుత్వమే చేతిలో పెట్టిన కాగితాన్ని ఇలా వెనక్కి లాక్కోవడం అన్యాయం. అడిగే సభ లేని కాలంలోనే ఇది జరగడం యాదృచ్ఛికం అనుకోలేం.

ఇక బయటివాళ్లు. 1990కి ముందు కువైట్‌లో నాలుగు లక్షల మంది పాలస్తీనా వాళ్లు ఉండేవాళ్లు. బడుల్లో పంతుళ్లు, ఆసుపత్రుల్లో డాక్టర్లు, కార్యాలయాల్లో గుమాస్తాలు వాళ్లే. వారి నాయకత్వం సద్దాంను సమర్థించిందన్న కోపంతో విముక్తి తర్వాత దాదాపు అందరినీ పంపేశారు. ఆ ఖాళీల్లోకి ఈజిప్టు, దక్షిణాసియా వాళ్లు వచ్చారు. ఇవాళ విదేశీయుల్లో అందరికంటే ఎక్కువ భారతీయులే, సుమారు పది లక్షలు.

తెలుగువాళ్లలో కడప, అన్నమయ్య జిల్లాల వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువ. వాళ్లలో ఇంటిపని మీద వెళ్లిన ఆడవాళ్ల సంఖ్య పెద్దది. వీసాకు పూచీ ఉండే యజమానిని కఫీల్ అంటారు. అతని పేరు మీదే వీసా వస్తుంది. ఇంటి యజమానిని 'బాబా', యజమానురాలిని 'మామా' అని పిలవాలి. 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టంలో ఇంటి పనివాళ్లు లేరు. 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఆ మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లు చేశారు. గల్ఫ్‌లో ఇది మంచి చట్టాల్లో ఒకటి. కాకపోతే అది అమలు కావాల్సిన చోటు నాలుగు గోడల లోపల. తనిఖీ అధికారి తలుపు తట్టలేడు. పనిమనిషి తట్టుకోలేక బయటికొస్తే యజమాని పోలీస్ స్టేషన్లో పారిపోయిందని కేసు పెడతాడు. ఆ క్షణం నుంచి ఆమె అకామా చెల్లదు. 2018లో, మళ్లీ 2024లో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు, ఇంటికి తిరిగి వెళ్లడానికి కావలసిన ఔట్‌పాస్ కాగితం కోసం నిలబడినవాళ్లలో ఇలాంటి తెలుగు ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

'ఫ్రీ వీసా' అనే మాట మరో మాయ. అందులో ఫ్రీ ఏమీ లేదు. కఫీల్ డబ్బు పుచ్చుకుని వీసా అమ్ముతాడు, బయట ఎక్కడైనా పని చూసుకోమంటాడు. ఏటా అకామా కొట్టించడానికి మళ్లీ డబ్బు. దొరికితే తప్పు కార్మికుడిదే. పౌరసత్వమే ఆస్తి అయినప్పుడు, ఆ పౌరుడి సంతకం కూడా అమ్ముడుపోయే సరుకే అవుతుంది. ఈ వీసా వ్యాపారాన్ని కువైట్ ప్రభుత్వం ఎన్నిసార్లు అరికట్టబోయినా మళ్లీ మొలవడానికి కారణం అదే.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదులు కిక్కిరిసి ఉన్నాయి, పైకి వెళ్లే తలుపు తెరుచుకోలేదు. ఆ మరుసటి నెలలోనే 20 నుంచి 18కి వీసా మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇచ్చారు. కడప, కోనసీమల వాళ్లకు ఇది ఎంత పెద్ద వార్తో చెప్పనక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి, 2025 జూలై 1 నుంచి, 18 వీసా మీద ఉన్నవాళ్లు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలన్న నిబంధన వచ్చింది.

పీపాకు అవతల

చమురు నిల్వలు 100 బిలియన్ పీపాలకు పైనే. ప్రభుత్వ ఆదాయంలో 90 శాతం దాకా దాన్నుంచే. ఖర్చులో ముప్పావు వంతుకు పైగా జీతాలకు, రాయితీలకు పోతుంది. ధర పడిపోయిన ఏడాది లోటు తప్పదు. బుబియాన్ ద్వీపంలో రేవు, ఉత్తరాన కొత్త నగరం, విజన్ 2035 వంటివి కాగితాల మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. పని నత్తనడకన సాగింది. అంత చమురు మీద కూర్చున్న దేశంలో 2024 వేసవిలో వేళలు పెట్టి కరెంటు కోతలు విధించారు. విద్యుత్తు కోసం గ్యాసును దిగుమతి చేసుకుంటున్నారు. ఏసీ లేకపోతే బతకలేని చోట కరెంటు దాదాపు ఉచితం, కాబట్టి వాడకానికి అడ్డూ అదుపూ లేదు. ప్లాంట్లు కట్టే కాంట్రాక్టులేమో ఏళ్ల తరబడి ఆగిపోయాయి.

సభ లేకుండా పాలిస్తున్న ప్రభుత్వం 2025 మార్చిలో అప్పుల చట్టాన్ని అమీర్ డిక్రీతో (ఉత్తర్వుతో) తెచ్చింది. 30 బిలియన్ దీనార్ల దాకా అప్పు చేయొచ్చు. సభ ఏళ్ల తరబడి ఆపింది ఒక సంతకంతో అయిపోయింది కాబట్టి, సభ అడ్డు తొలగితే అభివృద్ధి పరుగెడుతుందని కొందరు కువైటీలే నమ్ముతున్నారు. 1976లోనూ ఆ మాటే అన్నారు. ఆ సభ తిరిగి తెరుచుకున్న ఏడాదిన్నరకే, 1982లో, సూక్ అల్ మనాఖ్ అనే అనధికార షేర్ల బజారు కూలింది. తర్వాతి తేదీలు వేసి ఇచ్చిన చెక్కులు కట్ట కడితే 90 బిలియన్ డాలర్లు దాటాయి. అప్పుడు చిన్న మదుపర్లను ఆదుకోవడానికి ఖజానా తెరిచారు. బయటి కార్మికుడికి అందులో పైసా లేదు, అడిగే చోటూ లేదు.

షేక్ మిషాల్ ఇచ్చిన నాలుగేళ్ల గడువు 2028 మేలో ముగుస్తుంది. సభ తిరిగొస్తే ఓటర్ల జాబితా కొత్తగా రాయాలి. పౌరసత్వం పోయినవాళ్ల పేర్లు అందులో ఉండవు.